రాజుగారి ఇల్లా, రాజుగారి అడవా?

జైపూర్‌లో రాంబాగ్ ప్యాలెస్ చూసినవాళ్లకు, అది మొదట ఒక దాది కోసం వేసిన ఇల్లని చెబితే నమ్మబుద్ధి కాదు. 1835లో రాకుమారుడు రామ్‌సింగ్‌ను పెంచిన దాదికి ఊరి బయట తోటలో ఓ ఇల్లు కట్టించారు. యాభై ఏళ్ల తర్వాత, 1887లో, మాధోసింగ్ మహారాజు దాన్ని వేట విడిదిగా మార్చుకున్నారు. అప్పట్లో దాని చుట్టూ ఉన్నది దట్టమైన అడవి మరి! ఇరవయ్యో శతాబ్దం వచ్చాక స్వింటన్ జేకబ్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు గీసిన నమూనాలతో అది పెరిగి పెద్దదైంది. 1925లో రెండో సవాయ్ మాన్‌సింగ్ దాన్ని తన నివాసం చేసుకున్నారు. 1957లో ఆయనే దాన్ని హోటలుగా మార్చారు. ఇప్పుడు అక్కడ అడవి లేదు. నెమళ్లు మాత్రం ఇంకా పచ్చికలో తిరుగుతుంటాయి.

ఆ మాన్‌సింగే 1936లో, జైపూర్‌కు నూటయాభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, సవాయ్ మాధోపూర్‌లో ఇంకో ఇల్లు కట్టించారు. పక్కనే ఉన్న రణథంబోర్ అడవికి వేటకు వెళ్లినప్పుడు దిగడానికి. అదీ ఇప్పుడు హోటలే. రాంబాగ్‌ను నడిపే తాజ్ సంస్థే దాన్నీ నడుపుతోంది.

కాబట్టి చేతిలో నాలుగు రోజుల సెలవు, బ్యాంకులో కాస్త గట్టి డబ్బు పెట్టుకుని "ప్యాలెస్ హోటల్‌కు వెళ్దామా, అడవిలో ఖరీదైన సఫారీ లాడ్జికి వెళ్దామా" అని తర్జనభర్జన పడే దంపతులు గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆ రెండూ ఒకప్పుడు ఒకే యజమానివి. ఒకటి ఆయన ఇల్లు, రెండోది ఆయన వేట. ఆ రెండింటి తలుపులూ మామూలు జనానికి బార్లా తెరుచుకోవడం వెనక రెండు చట్టాలున్నాయి. 1971లో ఇరవై ఆరో రాజ్యాంగ సవరణ రాజభరణాలను రద్దు చేసింది. ఆ మరుసటి ఏడే, 1972లో, వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి వేటకు తెర దించింది. మొదటి దెబ్బకు కోటలూ మహళ్లూ సొంత సంపాదన వెతుక్కోక తప్పలేదు. రెండో దెబ్బకు వేట విడిదులకు పని లేకుండా పోయింది. రాంబాగ్ తాజ్ చేతికి వెళ్లింది కూడా ఆ 1972లోనే.

రాంబాగ్‌లాగే ఇంకొన్ని మహళ్లూ చట్టం వచ్చేదాకా ఆగలేదు. ఉదయపూర్‌లో పిచోలా సరస్సు నడుమ తెల్లగా తేలుతున్నట్టు కనిపించే జగ్ నివాస్‌ను మహారాణా రెండో జగత్‌సింగ్ 1740లలో వేసవి విడిదిగా కట్టించుకున్నారు. దాన్ని భగవత్‌సింగ్ 1963లోనే లేక్ ప్యాలెస్ హోటల్ చేశారు. 1983లో వచ్చిన 'ఆక్టోపస్సీ' అనే జేమ్స్ బాండ్ సినిమాతో అది లోకమంతటికీ తెలిసిపోయింది. జైపూర్‌లో మాత్రం మహారాణి గాయత్రీ దేవికి తమ ఇల్లు హోటల్ కావడం మొదట్లో ఏమాత్రం రుచించలేదు. కాపురం చేసిన ఇంట్లోకి బయటివాళ్లు పెట్టెలతో దిగుతుంటే ఎవరికి రుచిస్తుంది!

ప్యాలెస్ హోటల్ అమ్మేది ఏమిటి? గది అనుకుంటే పొరపాటు. అంతకంటే సౌకర్యంగా ఉండే గదులు హైదరాబాద్ హైటెక్ సిటీలో బోలెడన్ని దొరుకుతాయి. ప్యాలెస్ అమ్మేది ఒక కథ. ఆ కథలో వచ్చినవాళ్లకూ ఓ పాత్ర ఉంటుంది. ఇది బాగా తెలియాలంటే రాజస్థాన్ దాకా కూడా పోనక్కర్లేదు, హైదరాబాద్‌లోని ఫలక్‌నుమా ప్యాలెస్ చాలు. పాతబస్తీ దాటి గుట్ట కింద గేటు దగ్గర కారు ఆగుతుంది. అక్కడి నుంచి అతిథులను గుర్రబ్బండి ఎక్కించి పైకి తీసుకెళ్తారు. నడిచినా పెద్ద దూరమేమీ కాదు. కానీ ఆ కాసేపట్లోనే కిందనున్న ఊరి హారన్లు వెనక్కి తగ్గిపోతాయి. గుర్రబ్బండి పెట్టింది అందుకే.

ఆ ఇంటి పుట్టుక కూడా కథే. 'పైగా' అనే ప్రభువుల వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా 1884లో దీనికి పునాది వేశారు. ఇటాలియన్ పద్ధతిలో, పాలరాతి మెట్లతో, ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోట గ్రంథాలయాన్ని చూసి చేయించిన గ్రంథాలయంతో పని ఏళ్ల తరబడి సాగింది. ఆ ఖర్చు అంతటి ప్రభువును కూడా అప్పుల్లో ముంచింది. చివరకు ఆ భవనం ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికొచ్చింది. ఆయన కన్నుమూసింది కూడా అక్కడే, 1911లో. తర్వాత రాజ అతిథులకు విడిదిగా ఉండి, స్వాతంత్ర్యం వచ్చాక చాలాకాలం తాళాలు పడి, సుమారు పదేళ్ల మరమ్మతు తర్వాత 2010లో తాజ్ హోటలుగా తెరుచుకుంది. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల ఇప్పటికీ అక్కడే ఉంది. 2017లో ఇవాంకా ట్రంప్ హైదరాబాద్ వచ్చినప్పుడు ప్రధాని మోదీ విందు ఇచ్చింది ఆ బల్ల మీదే.

ఇదంతా సాయంత్రం వేళ అతిథులను భవనమంతా తిప్పుతూ ఒకరు చెబుతారు. బాగా చెప్పేవాళ్లు దొరికితే ఇచ్చిన డబ్బులో సగం అక్కడే తీరిపోతుంది. దొరక్కపోతే మాత్రం మిగిలేది పాత కుర్చీలూ, పెద్ద షాండ్లియర్లూ, వాటి కింద సెల్ఫీలూ.

జోధ్‌పూర్‌లోని ఉమేద్ భవన్ కథ ఇంకో రకం. అక్కడ కరవు తాండవిస్తున్న రోజుల్లో జనానికి పని కల్పించడానికి 1929లో మొదలుపెట్టిన భవనం అది. లాంచెస్టర్ అనే ఇంగ్లిష్ వాస్తుశిల్పి నమూనా గీశాడు. 1943 దాకా కడుతూనే ఉన్నారు. 347 గదులు! అప్పటికి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఇంకో ఆరేళ్లలో సంస్థానమే ఉండదు. ఇంత పెద్ద రాజమహల్ ఇంత ఆలస్యంగా పూర్తవడం అరుదు. ఇప్పుడు దాన్ని మూడు ముక్కలు చేశారు. ఒక భాగంలో రాజకుటుంబం ఉంటోంది, ఒకటి మ్యూజియం, ఒకటి హోటల్. టిక్కెట్టు కొని మ్యూజియం చూసేవారికీ, లక్షలు పోసి హోటల్లో దిగినవారికీ ఒకే గుమ్మటం కనిపిస్తుంది.

ప్యాలెస్‌లో ఒక భరోసా ఉంది. ఏది చెప్పారో అది దొరుకుతుంది. సరస్సు కనిపించే గదికి డబ్బు కడితే కిటికీ తెరవగానే సరస్సు కనిపిస్తుంది. అది ఎక్కడికీ పోదు.

అడవిలో ఆ భరోసా ఉండదు. తేడా అంతా అక్కడే ఉంది.

రణథంబోర్ చుట్టూ ఇప్పుడు దేశంలోకెల్లా ఖరీదైన లాడ్జిలున్నాయి. షేర్ బాగ్, ఆమన్-ఇ-ఖాస్, ఓబెరాయ్ వారి వన్యవిలాస్. వీటిలో గదులకు బదులు గుడారాలుంటాయి. గుడారం అనగానే ఎన్.సి.సి. క్యాంపు గుర్తు తెచ్చుకోకూడదు. ఏసీ, పెద్ద మంచం, పక్కనే స్నానాల తొట్టి. పైన కప్పు మాత్రం గుడ్డది. రాజులు వేటకు వెళ్లినప్పుడు వేసుకున్న డేరాల పోలికలు వాటిలో ఉంటాయి. ఆమన్‌లో గుడారాలు పది, వన్యవిలాస్‌లో పాతిక. అంత తక్కువ మందికి అంత మంది పనివాళ్లు ఉంటే ధర ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? సీజన్లో రాత్రికి అర లక్ష దాటడం మామూలే. చాలా చోట్ల అంతకు రెట్టింపు.

అయితే తెల్లవారకముందే లేచి జీపెక్కి అడవి గేటు దగ్గరికి చేరాక ఓ తమాషా జరుగుతుంది. లక్ష రూపాయల గుడారం నుంచి వచ్చిన దంపతులూ, రైల్వే స్టేషన్ పక్కన చిన్న లాడ్జిలో దిగిన కాలేజీ కుర్రాళ్లూ ఒకే వరసలో నిలబడతారు. మన దేశంలో పులుల అభయారణ్యం ఏ హోటల్ సొత్తూ కాదు. లోపలికి ఎన్ని బండ్లు వెళ్లాలో, ఏ బండి ఏ జోన్‌కు వెళ్లాలో తేల్చేది అటవీ శాఖ. రణథంబోర్‌లో పది జోన్లు. ఆరుగురు కూర్చునే జిప్సీలు, ఇరవై మంది పట్టే క్యాంటర్లు. పేరు, గుర్తింపు కార్డు ఇచ్చి ముందే పర్మిట్ తీసుకోవాలి. హోటలువాళ్లు ఆ పని చేసిపెడతారు, ప్రకృతి శాస్త్రం తెలిసిన మనిషిని తోడు పంపుతారు, చలికి దుప్పట్లూ వేడినీళ్ల సంచులూ ఇస్తారు. పులిని మాత్రం ఇవ్వలేరు. అది క్యాంటర్‌లో వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నవారికి కనిపించి, పక్కదారిలో వెళ్లిన ఖరీదైన జిప్సీకి కనిపించకపోవచ్చు. ఇంతకు మించిన సమానత్వం ఖరీదైన పర్యాటకంలో ఇంకెక్కడా లేదు!

లాడ్జికి పోసిన డబ్బు దేనికి పనికొస్తుందంటే, పులి కనిపించని మిగతా మూడు గంటలకు. మంచి గైడు బండి ఆపించి ఇంజను కట్టేయిస్తాడు. ఎక్కడో కొండముచ్చు దగ్గినట్టు అరుస్తుంది. చుక్కల దుప్పి గొంతెత్తుతుంది. దుప్పి పిలుపును గైడ్లు సగమే నమ్ముతారు, అది ఊరికే బెదురుతుంది. కణితి (సాంబార్ జింక) అరిచిందంటే మాత్రం చెవులు నిక్కబొడుచుకుంటాయి. పులినో చిరుతనో చూస్తే గాని అది అంత తొందరగా నోరు విప్పదు. దారి దుమ్ములో పాదముద్ర కనిపిస్తే దాని అంచు చూసి అది రాత్రిదో, ఇప్పుడే పడిందో చెబుతారు. ముద్ర మీద బండి చక్రం గుర్తు పడి ఉంటే బండి తర్వాత వచ్చినట్టు, చక్రం గుర్తు మీద ముద్ర ఉంటే పులి తర్వాత వచ్చినట్టు. ఈ చదువు ఒంటబడితే ఖాళీగా కనిపించిన అడవి ఒక్కసారిగా జనంతో నిండిన వీధిలా మారిపోతుంది. చదువు చెప్పేవాడు లేని బండిలో అదే మూడు గంటలు ఒట్టి కుదుపులు, దుమ్ము.

రణథంబోర్‌కు ఇంకో ప్రత్యేకత ఉంది. అక్కడ అడవిలో వెయ్యేళ్ల నాటి కోట ఒకటుంది. రాజస్థాన్ కొండ కోటల్లో భాగంగా 2013లో అది యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. కోటలో మూడు కళ్ల వినాయకుడి గుడి ఉంది. రాజస్థాన్‌లో చాలామంది పెళ్లి శుభలేఖ మొదటి ప్రతిని ఆ స్వామికి పోస్టులో పంపుతారు. పోస్ట్‌మ్యాన్ వాటిని సంచుల్లో మోసుకుని పులులు తిరిగే కొండెక్కుతాడు. కోట కింద పద్మ తాలాబ్, రాజ్‌బాగ్ అనే చెరువులున్నాయి. మఛ్లీ అనే ఆడపులి ఆ చెరువుల ఒడ్డునే పెద్ద మొసలితో తలపడి దాన్ని చంపింది. దాదాపు ఇరవై ఏళ్లు బతికి 2016లో చనిపోయింది. అడవిలో పులులకు అంత ఆయుష్షు అరుదు. పులి శిథిల మండపం మెట్ల మీద పడుకున్న ఫొటోలు లోకంలో ఎక్కడ కనిపించినా అవి ఎక్కువగా ఇక్కడివే. అంటే రణథంబోర్ వెళ్లినవారికి ప్యాలెస్ రుచి కూడా కొంత తగులుతుంది, కాకపోతే ఆ ప్యాలెస్‌లో కాపురం పులులది.

ఈ అడవికి ఒక చేదు చరిత్రా ఉంది. 1961 జనవరిలో ఎలిజబెత్ రాణి, ఫిలిప్ దొర మాన్‌సింగ్ అతిథులుగా ఇక్కడికొచ్చారు. ఫిలిప్ పులిని కాల్చారు. చచ్చిన పులి పక్కన రాణీ ఫిలిప్పూ నిలబడి దిగిన ఫొటో బ్రిటన్‌లో పెద్ద దుమారం రేపింది. పన్నెండేళ్లకే, 1973లో, అదే అడవి ప్రాజెక్ట్ టైగర్‌లో చేరింది. ఆ రోజుల్లో ఫతేసింగ్ రాథోడ్ అనే అధికారి అడవిలోపలి ఊళ్లను బయటికి తరలించడానికి ఏళ్ల తరబడి పనిచేశారు. ఇవాళ గుడారంలో కాఫీ తాగేవాళ్లు చూసే పులి, ఆ ఊళ్లు ఖాళీ చేసినవారి పొలాల్లో తిరుగుతున్న పులి. ఈ సంగతి బ్రోషర్లలో పెద్దక్షరాలతో అచ్చేయరు.

సఫారీ అనగానే కొందరికి ఆఫ్రికా గుర్తొస్తుంది. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలు కెన్యాలోని మసాయి మారాకు వెళ్లి పెట్టే ఫొటోలు ఇక్కడి బంధువుల వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటాయి. అక్కడి లెక్క వేరు. దక్షిణాఫ్రికాలో క్రూగర్ పార్కును ఆనుకుని ఉన్న సాబీ సాండ్ లాంటివి ప్రైవేటు అభయారణ్యాలు. లాడ్జికి సొంత బండ్లు, సొంత దారులు. చిరుత కనిపిస్తే దారి దిగి పొదల్లోకి కూడా నడుపుతారు, రాత్రి దీపం వేసుకుని తిరుగుతారు. అక్కడ డబ్బుకు నిజంగానే జంతువులు దగ్గరవుతాయి. భారతదేశంలో ఆ పద్ధతి కుదరదు, కుదరకపోవడమే మేలు. అయినా కొన్ని లాడ్జిలకు గైడ్ల శిక్షణ మాత్రం అక్కడి నుంచి వచ్చింది. తాజ్ ఒక దక్షిణాఫ్రికా సంస్థతో కలిసి మధ్యప్రదేశ్‌లో బాంధవ్‌గఢ్, కాన్హా, పెంచ్, పన్నాల్లో లాడ్జిలు తెరిచింది. కెన్యా వెళ్లేవారికి ఇంకో పనుంది. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఆ పత్రం లేకుండా తిరిగొస్తే ఇక్కడి విమానాశ్రయంలో ఇబ్బంది. హైదరాబాద్‌లో ఆ టీకా నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్‌ (ఐ.పి.ఎం.)లో వేస్తారు.

ఇక అసలు ప్రశ్న. ఎవరికి ఏది?

చాలాసార్లు దీన్ని తేల్చేది మనసు కాదు, పంచాంగం. సంక్రాంతి సెలవులకు వెళ్లేవారికి ప్యాలెస్ బాగుంటుంది. జనవరి రాజస్థాన్ పగటిపూట హాయి. గదుల ధర కూడా అప్పుడు ఆకాశంలో ఉంటుంది. ఆ నెలలో తెరిచిన జిప్సీలో సూర్యుడు రాకముందు తిరగడమంటే కోస్తా వాళ్లకు కొంచెం సాహసమే. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలకు దిగుతుంది. దసరా సెలవులైతే మామూలుగా అక్టోబరు కాబట్టి పార్కు అప్పుడే తెరిచి ఉంటుంది. అడవి పచ్చగా కళ్లు చెదిరేలా ఉంటుంది, ఆ పచ్చదనంలోనే పులి దాక్కుంటుంది. ఇక మన పిల్లల వేసవి సెలవులు, ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటిదాకా. ఎండ నలభై దాటుతుంది, కుంటలు ఎండిపోతాయి, పులులు మిగిలిన నీళ్ల దగ్గరికే వస్తాయి. పులిని చూడడానికి అంతకంటే మంచి కాలం లేదు. సరిగ్గా అప్పుడే ప్యాలెస్ హోటళ్లు ధర తగ్గిస్తాయి. ఎండ తట్టుకోగల తెలుగు కుటుంబానికి ఇది రెండు విధాలా కలిసొచ్చే కాలం. జులై నుంచి సెప్టెంబరు దాకా రణథంబోర్ ప్రధాన జోన్లు మూసేస్తారు. ఆ నెలల్లోనే మసాయి మారాలో వైల్డ్‌బీస్ట్‌ల మందలు నదులు దాటుతుంటాయి. మధ్యప్రదేశ్ పార్కులకు బుధవారం మధ్యాహ్నం సెలవని కూడా గుర్తుంచుకోవాలి. అది తెలియక బుధవారం దిగినవాళ్లు పూటంతా ఈతకొలను దగ్గర గడుపుతారు.

తర్వాత చూసుకోవాల్సింది నడుము. అమ్మానాన్నలను తీసుకెళ్లాలంటే, వాళ్లకు వెన్నునొప్పో మోకాళ్లనొప్పో ఉంటే, రోజుకు రెండు పూటలు మూడేసి గంటల జిప్సీ కుదుపులు శిక్ష. ఐదేళ్ల పిల్లవాడిని కణితి పిలుపు కోసం నోరు మూసుకుని కూర్చోమనడం కూడా శిక్షే, పిల్లవాడికీ, పక్క సీట్లవాళ్లకూ. పదేళ్లు దాటిన పిల్లలకైతే అడవిని మించింది లేదు. ప్యాలెస్‌లో వాళ్లు ఒక పూటకే విసుగెత్తిపోతారు.

భోజనం విషయంలో రెండింటికీ చుట్టరికం ఉంది. వేటకు వెళ్లిన రాజపుత్రులు దగ్గర ఉన్నవాటితో వండుకున్న కూర పేరు జంగ్లీ మాస్. మాంసం, నెయ్యి, ఎండుమిరప, ఉప్పు. ఇంకేమీ వేయరు. ఇవాళ అదే కూర ప్యాలెస్‌లలో వెండి గిన్నెలో వస్తుంది. మథానియా మిరపకాయలతో వండే లాల్ మాస్ ఘాటు చూసి గుంటూరు వాళ్లు నవ్వితే నవ్వవచ్చు, రుచి మాత్రం కాదనలేరు.

బిల్లు దగ్గర ఒక చిన్న మెలిక. చాలా సఫారీ లాడ్జిల ధరలో మూడు పూటల భోజనం కలిసే ఉంటుంది, కొన్నిట్లో సఫారీలు కూడా. ప్యాలెస్‌లో మామూలుగా గదికీ ఉదయం ఫలహారానికే. రాత్రి భోజనం, మందు, మసాజు అన్నీ విడిగా పడతాయి. రెండుచోట్లా రోజు అద్దె 7,500 రూపాయలు దాటితే జీఎస్టీ 18 శాతం. ఆ విడి ఖర్చుల వల్లే పైకి చవకగా కనిపించిన ప్యాలెస్ చివరి రోజుకు లాడ్జిని దాటిపోతుంటుంది.

లక్షలు పెట్టే ఉద్దేశం లేనివారికి రెండు రుచులూ దగ్గర్లోనే ఉన్నాయి. నల్లమలలో, అమ్రాబాద్ అభయారణ్యంలో, మన్ననూరు దగ్గర అటవీ శాఖ కాటేజీలున్నాయి. ఫర్హాబాద్ దారిలో సఫారీ నడుపుతారు. అది కూడా ఒకప్పుడు నిజాం వేటాడిన అడవే. కృష్ణకు ఆ ఒడ్డున ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న నాగార్జునసాగర్–శ్రీశైలం దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం. ఈ అడవులు దట్టం, పులి కనిపించడం అరుదు. పులి కోసమే అయితే రణథంబోరో, మహారాష్ట్రలోని తడోబాయో నయం. అడవి కోసమైతే నల్లమల ఎవరికీ తీసిపోదు.

రెండూ కావాలంటే? అప్పుడు ముందు అడవి, తర్వాత ప్యాలెస్. మూడు రోజులు తెల్లవారుజామున లేచి, దుమ్ము కొట్టుకుపోయి వచ్చిన శరీరానికి రాంబాగ్ పాలరాతి స్నానపుగది విలువ బాగా తెలుస్తుంది. తిరగేసి చేస్తే ప్యాలెస్‌లో మెత్తబడిన ఒంటిని చీకట్లో జిప్సీ ఎక్కించడం కష్టం. బుకింగ్ కూడా అదే వరసలో పెట్టుకోవాలి. మొదట సఫారీ పర్మిట్, అది దొరికిన తేదీలకు లాడ్జి, చివర్లో ప్యాలెస్. సవాయ్ మాధోపూర్ ఢిల్లీ–ముంబయి ప్రధాన రైలు మార్గంలో ఉంది. అక్కడి నుంచి జైపూర్‌కు రైల్లో సుమారు రెండు గంటలు. పర్మిట్ మీద పేరు, గుర్తింపు కార్డు మీద పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ముందు రాయాలా, వెనక రాయాలా అన్న తెలుగువాళ్ల పాత తంటా పాస్‌పోర్టు ఆఫీసులోనే కాదు, పులుల అడవి గేటు దగ్గరా ఎదురవుతుంది.